బీటెక్ మెకానికల్ తర్వాత విదేశాల్లో డిజైన్ పీజీ: డిపాజిట్ కట్టేముందు

ప్రశ్న: మాది చీపురుపల్లి దగ్గర పల్లెటూరు. అమ్మాయి విజయనగరంలో బీటెక్ మెకానికల్ ఆఖరి సెమిస్టర్ చదువుతోంది. సీజీపీఏ 7.3, బ్యాక్‌లాగ్స్ లేవు. విదేశాల్లో డిజైన్‌లో పీజీ చేస్తానంటోంది. బట్టల డిజైనింగా అంటే కాదు, వస్తువుల డిజైన్ అంటోంది. విశాఖలో ఒక కన్సల్టెన్సీ వాళ్లు యూకేలో ఏడాది ఎం.ఏ. కోర్సుకు ఆఫర్ లెటర్ తెప్పించారు. పదిహేను రోజుల్లో డిపాజిట్ కట్టాలట. నాలుగెకరాల పల్లం, ఊళ్లో సొంత ఇల్లు ఉన్నాయి. కట్టమంటారా?

జవాబు: ఇప్పుడే కట్టకండి. ఆ కోర్సు చెడ్డదని నేననడం లేదు. కానీ పోర్ట్‌ఫోలియో (చేసిన డిజైన్ పనులను చూపే ఫైలు) అడిగారా, అడిగితే ఏం పంపారు అన్నది మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. చేసిన పని ఏదీ చూడకుండానే మెకానికల్ విద్యార్థికి డిజైన్ మాస్టర్స్‌లో సీటిచ్చారంటే, మిగతా వాళ్లనీ అలాగే తీసుకుని ఉంటారు. డిజైన్ చదువులో సగం పక్క బల్ల వాళ్లను చూసి నేర్చుకునేదే. తరగతిలో ఎవరుంటారన్నది ర్యాంకు కంటే పెద్ద విషయం.

ముందు డిజైన్ అంటే ఏ డిజైనో తేల్చుకోవాలి. వస్తువు రూపం, వాడకం, తయారీ చూసేది ప్రొడక్ట్ లేదా ఇండస్ట్రియల్ డిజైన్. ఇంజినీరింగ్‌ను వదలకుండా అదే పని చేసేది డిజైన్ ఇంజినీరింగ్. తెరల మీద, యంత్రాలతో మనిషి వ్యవహారం చూసేది ఇంటరాక్షన్ డిజైన్. సర్వీస్, స్ట్రాటజిక్ డిజైన్‌లలో కాగితం పని, మీటింగులు ఎక్కువ. మీ అమ్మాయికి సాలిడ్‌వర్క్స్ సాఫ్ట్‌వేర్‌లో పార్టు గీయడం ఇష్టమా, వర్క్‌షాపులో చేత్తో చేయడం ఇష్టమా, ఎవరైనా వస్తువు వాడుతుంటే చూస్తూ కూర్చోవడం ఇష్టమా? మొదటిది ఒక్కటే ఇష్టమైతే ఆమెకు కావాల్సింది డిజైన్ స్కూలు కాకపోవచ్చు, మెషీన్ డిజైన్‌లో ఎం.ఎస్. కావచ్చు. ఆ రెండూ ఒకటేననుకుని వెళ్లినవాళ్లకు మొదటి సెమిస్టర్‌లోనే చిక్కు మొదలవుతుంది. అక్కడ స్ట్రెస్ అనాలిసిస్ ఉండదు, రోజూ స్కెచ్‌లు గోడకు అంటించి పదిమంది ముందు సమర్థించుకోవాలి.

ఇంజినీర్‌ను ఇంజినీర్‌గానే తీసుకుని డిజైన్ నేర్పే కోర్సులు కొన్నే ఉన్నాయి. వెతుకులాట అక్కడ మొదలుపెట్టాలి. మిలాన్ పాలిటెక్నిక్‌లో డిజైన్ అండ్ ఇంజినీరింగ్ రెండేళ్లు, ఇంగ్లిష్‌లోనే. డిజైన్ స్కూలు, ఇంజినీరింగ్ స్కూలు కలిసి నడుపుతాయి. లండన్‌లో రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్, ఇంపీరియల్ కాలేజ్ కలిసి నడిపే ఇన్నొవేషన్ డిజైన్ ఇంజినీరింగ్ కూడా రెండేళ్లు, రెండు సంస్థల డిగ్రీలూ వస్తాయి. ఖర్చూ పోటీ రెండూ ఎక్కువ. అమెరికాలో కార్నెగీ మెలన్‌లో ఇంజినీర్లు, డిజైనర్లు, బిజినెస్ వాళ్లను ఒకే జట్టులో కూర్చోబెట్టే మాస్టర్స్ ఉంది. రోడ్ ఐలాండ్ స్కూల్ ఆఫ్ డిజైన్‌లో ఇండస్ట్రియల్ డిజైన్ మాస్టర్స్ రెండేళ్లది, డిజైన్ నేపథ్యం లేనివాళ్లకు రెండున్నరేళ్లది. అదనపు ఆర్నెల్లు దండగనుకోవద్దు, మీ అమ్మాయి లాంటి వాళ్ల కోసమే అది పెట్టారు. నెదర్లాండ్స్‌లో డెల్ఫ్ట్ యూనివర్సిటీ చాలా మంచిదే గానీ అక్కడ సాధారణంగా 75 శాతం మార్కులు అడుగుతారు, డిగ్రీలో డిజైన్ పాఠాలు ఎంతున్నాయో కూడా చూస్తారు. 7.3కి అది కష్టం. జర్మనీలో ఫీజు తక్కువన్నది నిజమే. కానీ అక్కడి డిజైన్ మాస్టర్స్ చాలావరకు జర్మన్ భాషలో, డిజైన్ బ్యాచిలర్ చేసినవారికే ఉంటాయి. పైగా ఏపీఎస్ సర్టిఫికెట్ (మన చదువు పత్రాలు సరైనవేనన్న ధ్రువీకరణ), బ్లాక్డ్ అకౌంట్‌లో (నెలకు కొంతే తీయగలిగే ఖాతా) ఏడాదికి 11,904 యూరోలు చూపడం.

ఇక ఏడాది ఎం.ఏ. సంగతి. డిజైన్ డిగ్రీ చేసి, నాలుగేళ్లు స్టూడియోలో గడిపినవాళ్లకు అది పదును పెట్టే కోర్సు. మెకానికల్ నుంచి వెళ్లినవాళ్లకు మూడు నెలలు భాష అర్థం కావడానికే పోతాయి, మరో మూడు నెలలకు ఉద్యోగాల వేట మొదలవుతుంది, చేతిలో చూపడానికి ఒక్క పూర్తయిన ప్రాజెక్టు ఉండదు. మధ్యలో వేసవి ఇంటర్న్‌షిప్‌కు చోటు లేదు. దానికి తోడు యూకేలో చదువు తర్వాతి గ్రాడ్యుయేట్ వీసా 2 ఏళ్ల నుంచి 18 నెలలకు తగ్గుతోంది, 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసేవారికి. మీ అమ్మాయి చదువు ముగిసేది ఆ తర్వాతే.

అమెరికా అనుకుంటే ఒక్క సంగతి ముందే అడిగి రాతపూర్వకంగా తీసుకోండి: ఐ-20లో (వీసాకు యూనివర్సిటీ ఇచ్చే పత్రం) ఏ సీఐపీ కోడ్ (కోర్సు ఏ విభాగానిదో చెప్పే సంఖ్య) వేస్తారు? స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) జాబితాలో ఉన్న కోడ్ అయితే చదువయ్యాక ఓపీటీ (అక్కడ పనిచేసే అనుమతి) 12 నెలలకు మరో 24 కలుస్తాయి. లేకపోతే 12 నెలలే. హ్యూమన్ సెంటర్డ్ టెక్నాలజీ డిజైన్ 2022లో ఆ జాబితాలో చేరింది. అయితే కోర్సు పేరులో డిజైన్, టెక్నాలజీ అని ఉన్నంత మాత్రాన సరిపోదు, కోడ్ చూడాల్సిందే.

కోర్సును ర్యాంకుతో కాకుండా ఇలా తూచండి. లింక్డిన్‌లో ఆ యూనివర్సిటీ పేజీ తెరిస్తే పూర్వ విద్యార్థుల విభాగం ఉంటుంది. అందులో ఆ కోర్సు చేసిన భారతీయుల్లో బీటెక్ వాళ్లను వేరు చేసి, చదువయిన ఏడాదికి వాళ్ల ఉద్యోగం పేరేమిటో చూడండి. మళ్లీ మెకానికల్ ఇంజినీర్‌గానే చేరి ఉంటే ఆ కోర్సు వాళ్లకు ఉపయోగపడలేదన్నమాట. ఇద్దరు ముగ్గురికి మీ అమ్మాయి చేతే మెసేజ్ పెట్టించి, వర్క్‌షాపు ఎన్ని గంటలు తెరిచి ఉంటుందో, ఒక ప్రొఫెసర్‌కు ఎంతమందో అడగమనండి.

అసలు పని పోర్ట్‌ఫోలియోలో ఉంది. సీజీపీఏ 7.3ను దాటించగలిగేది అదొక్కటే. నాలుగు ప్రాజెక్టులు, మొత్తం 20 నుంచి 25 పేజీలు, అడ్డంగా ఏ4 సైజులో పీడీఎఫ్. ఒక్కో స్కూలు పేజీలకూ ఫైలు సైజుకూ వేరే పరిమితి పెడుతుంది కాబట్టి ఫొటోలు ముందే కుదించుకోవాలి. అన్నిటిలోకీ బాగున్న ప్రాజెక్టు మొదట రావాలి, దాని తర్వాత బాగున్నది చివర. ప్రతి ప్రాజెక్టులో సమస్య ఎవరిదో మొదటి పేజీలోనే తెలియాలి. జట్టుగా చేసినదైతే తన వాటా ఎంతో రాయాలి. రాయకపోతే చేయలేదనే అనుకుంటారు.

మన ఇంజినీరింగ్ విద్యార్థుల ఫైళ్లలో కనిపించే లోపం ఒకటే. కంప్యూటర్‌లో గీసిన నిగనిగలాడే కాడ్ బొమ్మలు ఉంటాయి, మనిషి ఉండడు. లేదంటే ఫుడ్ డెలివరీ యాప్‌కు కొత్త రంగులు. అలాంటివి ఎంపిక చేసేవాళ్లు రోజూ చూస్తుంటారు. వాళ్లు వెతికేది వదిలేసిన ఆలోచనలు, విరిగిన నమూనా, అది ఎందుకు విరిగిందో తెలిశాక వచ్చిన మార్పు.

అలాంటి ప్రాజెక్టుకు దూరం వెళ్లక్కర్లేదు. పలాస జీడి పరిశ్రమనే తీసుకోండి. పిక్క కోసే బల్ల దగ్గర కూర్చున్న మనిషి ఒక చేత్తో పిక్క పెడుతుంది, మరో చేత్తో మీట లాగుతుంది, కాలితో పెడల్ తొక్కుతుంది. పెంకులోని జీడి రసం అంటుకుంటే చేతులు పొక్కుతాయి. పప్పు గుండుగా వస్తే ఒక ధర, బద్ద అయితే మరో ధర. కాబట్టి వేగం పెంచితే సరిపోదు. బీటెక్ విద్యార్థి అక్కడ మోటారు పెట్టాలనుకుంటుంది. డిజైన్ విద్యార్థి ముందు కొలవాలి. ఆరుగురు పనివాళ్ల మోచేయి ఎత్తు, కూర్చునే పీట ఎత్తు, మీట దాకా చేయి చాచే దూరం టేపుతో కొలిచి రాసుకోవాలి. గంటలో ఎన్నిసార్లు నడుం నిటారు చేసుకున్నారో లెక్కపెట్టాలి. తర్వాత అట్టముక్కలతో బల్లను మూడు ఎత్తుల్లో చేసి, ఒక్కొక్కరినీ ఇరవై నిమిషాలు కూర్చోబెట్టి చూడాలి. ఆ తర్వాతే ప్లైవుడ్, దాని తర్వాతే ఇనుము. అట్టదశలో తప్పు దొరికితే పోయేది పది రూపాయలు. ఫొటో తీసేముందు యజమానినీ, పనిచేసే ఆమెనూ అడగడం తప్పనిసరి.

ఇలాంటివే మరికొన్ని. ఉద్దానం ఊళ్లలో 20 లీటర్ల నీళ్ల టిన్నును ఇంట్లో వంచి పోసుకునే ముసలివాళ్ల తిప్పలు. బొబ్బిలి వీణను పాడవకుండా పార్సిల్ చేసే పెట్టె. ఒకే పనస దుంగలో తొలిచిన వాద్యం కాబట్టి దెబ్బ ఎక్కడ తగులుతుందో ఆలోచించాల్సి వస్తుంది. వాలుగ చేప దవడతో పత్తి దువ్వే పొందూరు ఖాదీ మీద మాత్రం రెండు రోజులు తిరిగొచ్చి, చేతివృత్తిని కాపాడేశాను అని రాయొద్దు. ఆ మాట ఎంపిక చేసేవాళ్లకు చిరాకు తెప్పిస్తుంది, నేసేవాళ్లకు ఇంకా ఎక్కువ.

స్కెచ్‌కు రోజూ అరగంట, బాల్‌పెన్‌తో, రబ్బరు లేకుండా. పెట్టెలు, తర్వాత గొట్టాలు, తర్వాత గ్లాసు, బిందె. గుండ్రని మూతి సరిగ్గా వచ్చేసరికి రెండు నెలలు పడుతుంది. అది మామూలే.

వీటన్నిటికీ ఎనిమిది నెలలు కావాలి. చాలా స్కూళ్ల గడువులు నవంబర్ నుంచి జనవరి మధ్య ఉంటాయి కాబట్టి ఇప్పుడు మొదలుపెడితే వచ్చే ఏటికి అందుతుంది. ఏడాది ఖాళీ అని భయపడకండి. ఫ్యాబ్రికేషన్ షాపులోనో ఫర్నిచర్ తయారీలోనో పనికి చేరితే అది ఖాళీ కాదు, పోర్ట్‌ఫోలియోకు ముడిసరుకు. అదే సమయంలో సీడ్ (డిజైన్ పీజీ ప్రవేశ పరీక్ష) కూడా రాయించండి. ఐఐటీ బాంబే ఏటా జనవరిలో నిర్వహిస్తుంది, మూడు గంటల పరీక్ష, బీటెక్ వాళ్లు అర్హులే. దాని స్కోరుతో ఐఐటీ బాంబేలోని డిజైన్ స్కూలు ఐడీసీలో, హైదరాబాద్ ఐఐటీలో, గువాహటిలో ఎం.డెస్. (మాస్టర్ ఆఫ్ డిజైన్)కు దరఖాస్తు చేయొచ్చు. నా లెక్కలో ఐడీసీలో సీటు వస్తే పేరు తెలియని విదేశీ ఎం.ఏ. ఊసే అక్కర్లేదు.

డబ్బు దగ్గర మీకు ఒక ఇబ్బంది ఎదురవుతుంది, ముందే తెలుసుకోండి. నాలుగెకరాల పల్లం ఉంది కదా లోన్ వస్తుందనుకుంటారు. బాకీ తీర్చకపోతే కోర్టుకు వెళ్లకుండానే తాకట్టు ఆస్తిని బ్యాంకు అమ్ముకోనిచ్చే సర్ఫేసీ చట్టం వ్యవసాయ భూమికి వర్తించదు, అందుకే ఎడ్యుకేషన్ లోన్‌కు బ్యాంకులు సాధారణంగా దాన్ని తాకట్టుగా తీసుకోవు. ఊళ్లో ఇల్లు గ్రామకంఠంలో ఉండి రిజిస్టర్డ్ దస్తావేజు లేకపోతే అదీ ఆగిపోతుంది. ఈసీ, లింకు డాక్యుమెంట్లు ఈ నెలలోనే తీయించి బ్యాంకు లాయరుకు చూపించండి. ప్రభుత్వ బ్యాంకుల్లో మామూలుగా 7.5 లక్షలు దాటితే తాకట్టు అడుగుతారు. తాకట్టు లేకుండా ఇచ్చే ఫైనాన్స్ కంపెనీలు వడ్డీ ఎక్కువ వేస్తాయి. 30 లక్షలు 11 శాతానికి తీసుకున్నారనుకోండి. రెండేళ్ల చదువు, మరో ఆర్నెల్ల గడువు కలిపి సాధారణ వడ్డీయే 8.25 లక్షలు. ఆ 38.25 లక్షలను పదేళ్లలో తీర్చాలంటే నెలకు దాదాపు 52,700 వాయిదా. దఫాలుగా ఇస్తే కొంత తగ్గుతుంది.

ఈ లెక్క చూశాక మిలాన్‌ను మళ్లీ పరిశీలించండి. అక్కడి ఫీజు గరిష్ఠంగా ఏడాదికి 4 వేల యూరోల దరిదాపుల్లోనే ఉంటుంది. కుటుంబ ఆదాయం, ఆస్తి చూసి ఇచ్చే ప్రాంతీయ స్కాలర్‌షిప్పూ ఉంది. దానికి ఆదాయం, కుటుంబ సభ్యులు, ఇల్లు, భూమి వివరాల పత్రాలు కావాలి. వాటికి అపోస్టిల్ (విదేశాల్లో చెల్లేలా ప్రభుత్వం వేసే ధ్రువీకరణ ముద్ర), ఇటాలియన్ అనువాదం. ఇంటిపేరు సచివాలయంలో ఇచ్చే సర్టిఫికెట్లలో ఒకలా, ఆధార్‌లో ఒకలా, పాస్‌పోర్టులో ఒకలా ఉంటే అంతా మళ్లీ మొదటికొస్తుంది.

డిపాజిట్ గురించి కన్సల్టెన్సీకి ఇవాళే మెయిల్ పెట్టండి. విద్యార్థులను చేర్పించినందుకు వాళ్లకు యూనివర్సిటీల నుంచి కమీషన్ రావడం మామూలే, కాబట్టి ఫోన్‌లో చెప్పిన మాట చాలదు. వీసా రాకపోతేనే డబ్బు వెనక్కిస్తారా, మనమే మానుకుంటే కూడా ఇస్తారా? ఆఫర్‌ను వచ్చే ఏటికి వాయిదా వేస్తారా? అప్లికేషన్‌లో పెట్టిన మెయిల్ ఐడీ అమ్మాయిదా, వాళ్లదా? వాళ్లదైతే ముందు దాన్ని మార్పించి, ఆఫర్ నంబరుతో యూనివర్సిటీ అడ్మిషన్ల ఆఫీసుకు అమ్మాయి చేతే నేరుగా ఇవే ప్రశ్నలు రాయించండి.