లిబ్‌పీక్యూలో డేటాబేస్ డిలీట్ చేసే ఫంక్షన్ కోసం వెతకకండి

సీ ప్రోగ్రామ్ నుంచి పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌ను డిలీట్ చేయాలి, పోస్ట్‌గ్రెస్‌తో మాట్లాడే సీ లైబ్రరీ లిబ్‌పీక్యూలో ఆ ఫంక్షన్ పేరేమిటి అని అడిగారు. అలాంటిది లేదండీ. నేనూ ఒక పూటంతా హెడర్ ఫైల్ తిరగేశాను. ‘డ్రాప్ డేటాబేస్’ అనే మామూలు ఎస్‌క్యూఎల్ కమాండ్‌నే, సర్వర్‌కు కమాండ్లు పంపే పీక్యూఎగ్జెక్ ఫంక్షన్‌కి ఇచ్చి పంపాలి.

అంతేనా అంటే అంతే, కానీ నాకు మూడు ఎర్రర్లు దాటాక గానీ పని కాలేదు. టెస్టులు అయిపోయాక టెస్ట్ డేటాబేస్‌ను తీసేసే చిన్న ప్రోగ్రామ్ అది. ముందు, తెరిచి ఉన్న డేటాబేస్‌నే డ్రాప్ చేయబోయాను. కూర్చున్న కొమ్మను నరుక్కోవడమన్నమాట! ఆ కనెక్షన్ మూసేసి, ఇన్‌స్టాల్ చేసినప్పుడే వచ్చే ‘పోస్ట్‌గ్రెస్’ అనే డేటాబేస్‌కు కనెక్ట్ అయ్యాను. ఈసారి ట్రాన్సాక్షన్ బ్లాక్‌లో కుదరదంది. ట్రాన్సాక్షన్ మొదలుపెట్టే ‘బిగిన్’ నేనెక్కడా రాయలేదే! డ్రాప్, క్రియేట్ రెండూ సెమికోలన్ పెట్టి ఒకే స్ట్రింగ్‌లో పంపాను, అలా పంపితే రెండూ కలిసి ఒకే ట్రాన్సాక్షన్ అవుతాయి. విడివిడిగా పంపాక అది పోయింది.

మూడోదే బాగా ఏడిపించింది. డేటాబేస్‌ను వేరే యూజర్లు వాడుతున్నారట. నా లాప్‌టాప్‌లో వేరే యూజర్లెవరు? ఎవరెవరు కనెక్ట్ అయి ఉన్నారో చూపే పీజీ_స్టాట్_యాక్టివిటీ చూస్తే, పొద్దున నేనే పక్క టెర్మినల్‌లో తెరిచి మర్చిపోయిన పీఎస్‌క్యూఎల్ (పోస్ట్‌గ్రెస్ కమాండ్లు టైప్ చేసే ప్రోగ్రామ్)! చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది. మీది పోస్ట్‌గ్రెస్ 13 లేదా ఆపై వెర్షన్ అయితే కమాండ్ చివర ‘విత్ (ఫోర్స్)’ పెట్టండి, మిగతా కనెక్షన్లను అదే తెంపేస్తుంది. టెస్ట్ డేటాబేస్‌కు తప్ప నేనైతే వాడను.

కమాండ్‌లో డేటాబేస్ పేరు ఉండాల్సిన చోట డాలర్ 1 అని పెట్టి, పేరును విడిగా పారామీటర్‌గా ఇవ్వడం కుదరదు. అలాగని ఎస్‌ప్రింట్‌ఎఫ్‌తో నేరుగా అతికించకండి, పేరును కమాండ్‌లో సురక్షితంగా పెట్టేలా మార్చి ఇచ్చే పీక్యూఎస్కేప్‌ఐడెంటిఫయర్ ఫంక్షన్ ఉంది. వాడాక పీక్యూఫ్రీమెమ్‌తో మెమరీ వదిలేయాలి. పీక్యూఎస్కేప్‌ఐడెంటిఫయర్ పేరు చుట్టూ కోట్స్ పెడుతుంది కాబట్టి సర్వర్ పెద్ద, చిన్న అక్షరాల తేడా పట్టించుకుంటుంది. కోట్స్ లేకుండా క్రియేట్ చేసిన పేరు సర్వర్‌లో అన్నీ చిన్న అక్షరాలతోనే ఉంటుంది, మీరు పెద్ద అక్షరం కలిపి పంపితే అలాంటి డేటాబేస్ లేదంటుంది.

ఇంకోటి. ఒక సాయంత్రం ఇంటికి వెళ్లే తొందరలో ఈ ప్రోగ్రామ్‌కు వేరే కాన్ఫిగ్ ఫైల్ ఇచ్చేశాను. అందులో ఉన్నది డెవలప్‌మెంట్ డేటాబేస్. ఎవరో దాన్ని తెరిచి ఉంచారు కాబట్టి ఆ మూడో ఎర్రరే వచ్చి కాపాడింది. ఈ కమాండ్‌కు రోల్‌బ్యాక్ లేదు మరి, చేసింది వెనక్కి తీసుకోలేం. అప్పటి నుంచి పేరు ‘టెస్ట్_’తో మొదలవకపోతే కనెక్ట్ కూడా కాకుండా బయటికొచ్చేలా ఒక స్ట్రింగ్ చెక్ పెట్టుకున్నాను.