లారీకి ఎడమ పక్క కనపడని చోటు: అమ్మాయి ప్రాజెక్టు ఉద్యోగానికి దారి అవుతుందా?

ప్రశ్న: నేను లారీ డ్రైవరును. మా అమ్మాయి విజయవాడలో ఈసీఈ (ఎలక్ట్రానిక్స్ అండ్ కమ్యూనికేషన్ ఇంజనీరింగ్) మూడో సంవత్సరం చదువుతోంది. లారీ బ్లైండ్ స్పాట్‌లోకి (డ్రైవరుకు కనపడని చోటులోకి) వచ్చే వాహనాలను కెమెరాతో పసిగట్టే ప్రాజెక్టు చేస్తానంటోంది. ఇందులో ఉద్యోగాలు ఉంటాయా? లేక మామూలు సాఫ్ట్‌వేర్ కోర్సులో చేర్పించమంటారా?

జవాబు: ఉద్యోగాలు ఉన్నాయి. సాఫ్ట్‌వేర్ కొలువులతో పోలిస్తే తక్కువే గానీ, ఈసీఈ చదివినవారికి ఇది పరాయి రంగం కాదు. ఐరోపా సమాఖ్యలో 2022 జూలై నుంచి కొత్త మోడల్ లారీలకు, బస్సులకు, 2024 జూలై నుంచి అమ్ముడయ్యే ప్రతి కొత్త భారీ వాహనానికి, పక్కనున్న సైకిలిస్టును గుర్తించి డ్రైవరును హెచ్చరించే వ్యవస్థ తప్పనిసరి అయింది. మన దేశంలోనూ ఏఐఎస్-186 (వాహన పరిశ్రమ ప్రమాణం) పేరుతో ఇలాంటి ప్రమాణం రూపొందింది. అయితే ఏ నిబంధనా కెమెరానే వాడాలని చెప్పదు. చాలా కంపెనీలు రాడార్‌ను వాడుతున్నాయి కాబట్టి, మీ అమ్మాయి రాడార్ సంకేతాల పాఠాన్ని కూడా శ్రద్ధగా చదవడం మంచిది.

ఈ ప్రాజెక్టులో అసలు కష్టం ఎక్కడుందో మీకు తెలిసినంతగా ఏ అధ్యాపకుడికీ తెలియకపోవచ్చు. మన లారీలో డ్రైవరు కుడివైపు కూర్చుంటాడు కనుక, ముందు చక్రం పక్కన ఎడమవైపు దూరిన బైకు అతనికి అద్దంలో కూడా కనిపించదు. ఇన్నాళ్లూ ఆ చోటును చూసింది క్లీనరు కన్నే; తలుపు మీద అతను అరచేత్తో చరిచే చప్పుడే మీకు హెచ్చరిక. కెమెరా చేయవలసింది సరిగ్గా ఆ పనే. క్లీనరు ప్రతి నీడకూ తలుపు చరచడని కూడా ఆ అమ్మాయికి చెప్పండి, ఎందుకంటే గోడకూ, కరెంటు స్తంభానికీ మోగే బజరును డ్రైవరు రెండో రోజే పీకి పారేస్తాడు.

చిత్రాల్లో వాహనాలను గుర్తించే రెడీమేడ్ ఏఐ మోడల్‌ను ఇంటర్నెట్‌లోంచి తెచ్చి లాప్‌టాప్‌లో నడిపి చూపించడం ఇప్పుడు ప్రతి కాలేజీలోనూ జరుగుతున్నదే. దానికి ఉద్యోగం రాదు. లారీ ఖాళీగా నిలబడిన రోజు ఎడమ అద్దం కింద ఒక ఫిష్‌ఐ కెమెరా (చాలా వెడల్పుగా చూసే లెన్సున్నది) బిగించి, మీరు సీట్లో కూర్చుని, ఆమె నేల మీద నడుస్తుండగా ఎక్కడ కనుమరుగవుతుందో సుద్దముక్కతో గీయండి. ఆ గీత లోపలిదే ఆమె గమనించవలసిన ప్రాంతం. ఫిష్‌ఐ లెన్సు అంచుల్లో గీతలను వంచుతుంది కాబట్టి, ముందుగా చదరంగపు గళ్ల అట్టతో కెమెరాను కాలిబ్రేట్ చేయాలి, అంటే ఆ వంపును కొలిచి సరిదిద్దుకోవాలి. ఆ తరువాత ఆలస్యం లెక్క: గంటకు 36 కిలోమీటర్లంటే సెకనుకు 10 మీటర్లు, అంటే కంప్యూటర్ 0.2 సెకన్లు ఆలోచించేలోగా బండి 2 మీటర్లు ముందుకు పోతుంది. ఎన్ని బైకులను వదిలేసింది, ఎన్నిసార్లు ఊరికే మోగింది అనే లెక్కను పగలు, రాత్రి, వాన వేళలకు విడివిడిగా చూపగలిగితే, ఇంటర్వ్యూలో మాట్లాడటానికి ఆమెకు సొంత విషయం ఉంటుంది.

వాహనాలను గుర్తించేలా కంప్యూటర్‌కు నేర్పడానికి విదేశీ రోడ్ల చిత్రాలు చాలవు. వాటిలో మన ఆటోలు ఉండవు. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ, ఇంటెల్ కలిసి హైదరాబాద్, బెంగళూరు రోడ్ల మీద తీసిన చిత్రాలతో ఇండియా డ్రైవింగ్ డేటాసెట్ అనే చిత్రాల సంకలనాన్ని తయారు చేశాయి. ఆటోరిక్షాకు అందులో ప్రత్యేక వర్గమే ఉంది. అవి ముందువైపు చూసే కెమెరా చిత్రాలు కనుక, పక్క కెమెరా చిత్రాలను మీ బండి నుంచే సేకరించుకోవాలి.

మామూలు సాఫ్ట్‌వేర్ కోర్సుకు అప్పు చేసి ఫీజు కట్టవద్దు. పైథాన్‌తో పాటు సీ ప్లస్ ప్లస్, లీనియర్ ఆల్జీబ్రా గట్టిగా నేర్చుకుంటే ఈ దారి కుదరకపోయినా ఎంబెడెడ్ (యంత్రాల లోపలి చిన్న కంప్యూటర్లకు ప్రోగ్రాములు రాసే) ఉద్యోగాలకు పనికొస్తాయి. పై చదువు కావాలంటే మూడో సంవత్సరంలోనే గేట్ (ఎంటెక్ ప్రవేశ పరీక్ష) రాయవచ్చు. 2024 నుంచి అందులో డేటా సైన్స్, కృత్రిమ మేధలకు విడి పేపరు కూడా ఉంది. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీకి పీజీఈఈ అనే సొంత ప్రవేశ పరీక్ష ఉంది. కెమెరా బిగించే ముందు మాత్రం బండి యజమాని అనుమతి తీసుకోండి. పరీక్షలన్నీ మొదట ఖాళీ స్థలంలో, మీరే స్టీరింగ్ పట్టుకుని చేయించండి.