గాలిదుమారం వస్తే రేకుల షెడ్డులో ఎక్కడ తలదాచుకోవాలి?

ప్రశ్న: హనుమకొండలో మాది రేకుల కప్పున్న హోల్‌సేల్ దుకాణం. 80 అడుగుల వెడల్పు, మధ్యలో పిల్లర్లు లేవు. రద్దీవేళ 60 మంది దాకా ఉంటారు. 2024 ఆగస్టు 31న తాడ్వాయి అడవిలో వేల చెట్లు నేలకూలినప్పటి నుంచి గుబులుగా ఉంది. అలాంటి గాలి వస్తే జనాన్ని ఎటు పంపాలి?

జవాబు: బయటికి మాత్రం పంపకండి. సుడిగాలైనా, ఎండాకాలపు గాలిదుమారమైనా ఇలాంటి షెడ్డు పోయే తీరు దాదాపు ఒకటే. ముందుగా లొంగేది రోలింగ్ షట్టరు. అది పక్క చానళ్లలోంచి ఊడితే లోపల దూరిన గాలి రేకుల్ని కింది నుంచి తోస్తుంది, పై గాలి గుంజుతుంది. చూరు అంచుల్లో, మూలల్లో స్క్రూలు ముందు ఊడతాయి. కప్పు లేస్తే దాని ఆసరాతో నిలబడ్డ ఎత్తు గోడలు పడిపోతాయి. 2021 డిసెంబరు 10న అమెరికాలోని ఎడ్వర్డ్స్‌విల్‌లో టోర్నడోకు ఒక గోదాం కప్పు లేచి, 40 అడుగుల కాంక్రీటు గోడలు కూలి ఆరుగురు చనిపోయారు. కాబట్టి గోడవార నిలబడితే క్షేమం అనుకోవద్దు. షట్టరు తెరిచిపెడితే ఒత్తిడి సమమవుతుందన్నదీ అపోహే.

సొంత స్లాబు ఉన్న చిన్న గదులు వెతకండి: టాయిలెట్లు, ఆఫీసు గది, కాంక్రీటు మెట్ల కింది చోటు. ఫాల్స్ సీలింగు, జిప్సం గోడల క్యాబిన్లు లెక్కలోకి రావు. మనిషికి 5 చదరపు అడుగుల చొప్పున 60 మందికి 300 కావాలి. 10×12 గదిలో 24 మందే పడతారు. చాలకపోతే పక్కనున్న పిల్లర్ల బిల్డింగు వాళ్లతో ఇప్పుడే మాట్లాడి, కింది అంతస్తులో నడిమి గదులు ఖాయం చేసుకోండి. అయితే అక్కడికి గాలి మొదలవకముందే చేరాలి. హైదరాబాద్ వాతావరణ కేంద్రం రాబోయే మూడు గంటలకు ఇచ్చే హెచ్చరికల్ని చూసే పని ఒకరికి అప్పగించండి. గదిలో తల కిందికి వంచి, చేతులతో కప్పుకుని కూర్చోవాలి. సరుకు ర్యాకుల దగ్గర, అద్దాల దగ్గర ఎవరూ ఉండొద్దు. బండి తడుస్తోందని పార్కింగుకు ఉరికేవాళ్లు ఎప్పుడూ ఒకరిద్దరుంటారు, వాళ్లను ఆపడమే కష్టం!

ప్రశ్న: మా షాపింగ్ మాల్‌కు సెల్లార్ ఉంది. అందులోకి దిగొచ్చా?

జవాబు: గాలికైతే మంచిదే. వానకు ర్యాంపు మీదుగా నీళ్లు దిగే సెల్లారైతే వద్దు. జనరేటరు అందులోనే ఉంటే అసలే వద్దు, పొగలోని కార్బన్ మోనాక్సైడు ప్రాణం తీస్తుంది. అప్పుడు కింది అంతస్తులో అద్దాలకు దూరంగా, స్లాబు కింది లోపలి వరండాయే మేలు. లిఫ్టు వాడొద్దు, కరెంటు పోతే మధ్యలో ఇరుక్కుంటారు.