‘ఆ సబ్జెక్టు’ మీద పరిశోధన చేస్తానంటోంది!

ప్రశ్న: మాది గుంటూరు. మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం. మా అమ్మాయి విజయవాడలో హాస్టల్లో ఉండి బీఎస్సీ (మ్యాథ్స్, స్టాటిస్టిక్స్, కంప్యూటర్స్) ఆఖరు సంవత్సరం చదువుతోంది. డేటా సైన్సులో ఎమ్మెస్సీ చేయిద్దామని మా ఉద్దేశం. తనేమో సైకాలజీలో ఎమ్మెస్సీ చేసి, ఆపైన మనుషుల లైంగిక వైఖరులు, ప్రవర్తన మీద పీహెచ్‌డీ చేస్తానంటోంది. దసరాకి ఇంటికొచ్చినప్పుడు ల్యాప్‌టాప్ తెరిచి చూస్తే అన్నీ అలాంటి వ్యాసాలే. తీసి బీరువాలో పెట్టాను. ఆరు నెలల ఆన్‌లైన్ కౌన్సెలింగ్ కోర్సు చేస్తే ఇంట్లో కూర్చునే సంపాదించుకోవచ్చని ఎవరో అన్నారు, పోనీ అదైనా నయమా? డేటా సైన్సునీ సైకాలజీనీ పోల్చి చెప్పండి. సంబంధాలు చూస్తున్నాం, వాళ్ళకి ఏమని చెప్పుకోవాలి? ఈ సబ్జెక్టే ఎందుకు ఎంచుకుందో తనని అడగడానికి నాకు నోరు రావడం లేదు.

జవాబు: అన్నయ్యగారూ, మీరు అడగదలచుకున్నది మీ ఉత్తరం చివరి వాక్యంలో ఉంది. ముందు దాని సంగతే చూద్దాం.

విజయవాడ బెంజి సర్కిల్ దగ్గర ఓ చిన్న గదిలో కూర్చుని ఇరవై ఏళ్ళుగా చదువుల మీద సలహాలు చెప్పే ఈ పని చేస్తున్నాను. ఇలాంటి ప్రశ్న ఏటా నాలుగైదుసార్లు వస్తుంది. ఆడపిల్ల ఫోరెన్సిక్ అన్నా, మగపిల్లాడు నర్సింగ్ అన్నా, తలుపు దగ్గరగా వేసి గొంతు తగ్గించి అడుగుతారు. ‘మా పిల్లకి ఏమైనా జరిగిందా, అందుకే ఇటు పోతోందా’ అన్న భయం లోపల ఉంటుంది, పైకి మాత్రం జీతాల సంగతి అడుగుతారు. కేన్సర్ మీద పరిశోధన చేసేవాళ్ళందరికీ ఇంట్లో కేన్సర్ ఉందా? అమెరికాలో ఈ రంగానికి దారి వేసిన ఆల్ఫ్రెడ్ కిన్సీ అంతకుముందు దాదాపు ఇరవై ఏళ్ళపాటు చెట్ల మీద బొడిపెలు కట్టే చిన్న కందిరీగలను ఏరి, కొలిచి, లెక్కలు రాసిన జంతుశాస్త్రవేత్త. పెళ్ళి గురించి ఒక కోర్సు చెప్పాల్సి వచ్చింది. విద్యార్థుల ప్రశ్నలకు సరైన జవాబులు ఎక్కడా లేవని గమనించి, కందిరీగలను వదిలి మనుషుల దగ్గరికొచ్చాడు. మీ అమ్మాయి కూడా ఎవరూ లెక్క తేల్చని చోటు కనబడి ఆగి ఉండవచ్చు. స్టాటిస్టిక్స్ పిల్లలకు ఆ జబ్బు మామూలే.

ఒకవేళ నిజంగానే మనసులో ఏదైనా ఉన్నా, ల్యాప్‌టాప్ లాక్కుని బీరువాలో పెట్టిన నాన్నకి చెబుతుందా? ఇరవై ఏళ్ళ పిల్ల చదువుకునే వ్యాసాలు వెనకాల తెరిచి చూడటం తప్పు. ఈ మాట మెత్తగా చెప్పడం నాకు చేతకావడం లేదు. మీకు నోరు రాకపోతే ‘నువ్వు చదివేదేంటో నాకూ కాస్త చెప్పమ్మా’ అనండి చాలు. పిల్లలు తమ సబ్జెక్టు గురించి అడిగితే గంట చెబుతారు.

ఇంతకీ ఇందులో చదివేదేంటి? మీ యార్డు భాషలో చెబుతాను, మీకే బాగా అర్థమవుతుంది. టిక్కీ (మిర్చి బస్తా) పైన ఎర్రటి తేజ కాయలు పరిచి, అడుగున తాలు కాయలు పోసి తెస్తే మీరు పైన చూసి ధర కడతారా? చెయ్యి లోపలికి పెట్టి తీస్తారు. కిన్సీ 1948లో మగవాళ్ళ గురించి, 1953లో ఆడవాళ్ళ గురించి వేసిన పుస్తకాల మీద పెద్ద విమర్శ ఇదే. వేలమందిని అడిగాడు, బాగానే ఉంది. కానీ వాళ్ళంతట వాళ్ళు ముందుకొచ్చినవాళ్ళు ఎక్కువ, జైళ్ళలో ఉన్నవాళ్ళు కూడా కలిశారు. దేశమంతా ఇలాగే ఉంటుందని వాళ్ళని బట్టి ఎలా చెబుతాం? అక్కడి పెద్ద పెద్ద స్టాటిస్టిక్స్ పండితులే కూర్చుని ఆ లోపాలు విప్పి చెప్పారు. మీ అమ్మాయి చదివిన సబ్జెక్టు పనికొచ్చేది సరిగ్గా ఈ చోటే.

మీ జిల్లా సంగతే తీసుకోండి. ఆంధ్రలో హెచ్‌ఐవీ మరీ ఎక్కువని అంతా హడలిపోయిన రోజుల్లో, 2004–05లో, గుంటూరు జిల్లాలో ఊళ్ళూ వార్డులూ పద్ధతిగా ఎంచుకుని 12 వేల మందికి పైగా జనానికి రక్తపరీక్ష చేశారు, అలవాట్లూ అడిగారు. చూస్తే, ఆస్పత్రులకు వచ్చేవాళ్ళను బట్టి వేసిన అధికారిక అంచనా అసలుకు రెండింతలు దాటి ఉంది! ఆస్పత్రి వరస టిక్కీ పైపొర లాంటిది. 2007లో దేశం మొత్తం అంచనానే 50 లక్షల పైనుంచి దాదాపు 25 లక్షలకు దిగింది. ఎన్ని మందులు తేవాలి, డబ్బు ఏ జిల్లాకి పంపాలి అన్నవి ఈ లెక్కల మీదే నడుస్తాయి. ‘దీనివల్ల ఎవరికి ఉపయోగం’ అని ఇంట్లో పెద్దవాళ్ళు ఎవరైనా అడిగితే ఈ సంగతి చెప్పండి.

ఇక మనుషులు నిజం చెబుతారా అన్నది. పెళ్ళికి ముందు నేను కొన్నాళ్ళు ఓ ఆరోగ్య సర్వేలో ప్రశ్నలడిగే పని చేశాను. తెనాలి దగ్గర ఒక ఊళ్ళో, అరుగు మీద అత్తగారు చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ కూర్చుంది, పక్కన కోడలు. గర్భం రాకుండా ఏమైనా వాడుతున్నారా అని అడిగాను. ‘అబ్బే, ఏమీ లేదండీ’ అంది కోడలు, కళ్ళు చిక్కుడుకాయల మీదే పెట్టి. నేను రాసేసుకున్నాను. చెప్పుల దగ్గరికి సాగనంపడానికి వచ్చినట్టు వచ్చి, ‘మాత్రలు వేసుకుంటున్నానండీ, అత్తయ్యకు తెలీదు’ అంది. మూడో మనిషి వినేలా అడగకూడదని శిక్షణలో వందసార్లు చెప్పారు. ఎండలో ఓపిక లేక మరిచాను. ఆ రోజు అంతకుముందు రాసుకున్న ఎన్ని కాగితాలు అబద్ధాలో నాకు ఇప్పటికీ తెలీదు.

ఈ సిగ్గును దాటే ఉపాయాలే ఈ శాస్త్రంలో నాకు నచ్చే భాగం. ఒకటి చెబుతాను, ఇంట్లో చేసి చూడొచ్చు. నూరుమందిని ఎవరికీ కనబడకుండా రూపాయి ఎగరెయ్యమంటారు. బొమ్మ పడితే నిజం ఏదైనా సరే ‘అవును’ అనాలి. బొరుసు పడితే నిజం చెప్పాలి. అరవైమంది ‘అవును’ అన్నారనుకోండి. సుమారు యాభై బొమ్మ వల్ల వచ్చినవి. మిగిలిన యాభైమందిలో పదిమంది ‘అవును’ అన్నారు, అంటే వందకి ఇరవై. ఎవరి గుట్టూ బయటపడలేదు, లెక్క మాత్రం తేలింది. 1965లో స్టాన్లీ వార్నర్ అనే ఆయన చెప్పిన పద్ధతికి ఇది సులువైన రూపం. ఆమధ్య వచ్చిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21)లో జీవితకాలపు లైంగిక భాగస్వాముల సగటు మగవాళ్ళకు 2.1, ఆడవాళ్ళకు 1.7 అని తేలింది. రెండు వైపుల చిట్టా దాదాపు సరిపోవాలి కదా! మగవాళ్ళు పెంచి చెప్పారా, ఆడవాళ్ళు తగ్గించి చెప్పారా, ఇళ్ళకు వెళ్ళే సర్వేకి కొందరు అసలు దొరకలేదా? మీ అమ్మాయి చేయాలనుకుంటున్న పని ఇలాంటిదే.

ఇలాంటివి ఎవరిని పడితే వాళ్ళని అడగడానికీ వీల్లేదు. ప్రతి ప్రశ్నాపత్రం సంస్థలోని ఎథిక్స్ కమిటీ ముందుకు వెళ్ళాలి. జవాబు చెప్పేవాళ్ళ అనుమతి తీసుకోవాలి, పేర్లు బయటికి రాకూడదు. మీరు భయపడుతున్నంత విచ్చలవిడి వ్యవహారం ఇక్కడ సాగదు.

ఆరు నెలల ఆన్‌లైన్ కోర్సు అన్నారే, నాకు ఒళ్ళు మండింది అక్కడే. పరిశోధన వద్దు, సర్టిఫికెట్టు కౌన్సెలింగ్ అయితే నయమా? ఇప్పుడు ఇదో ఫ్యాషన్. వారాంతపు క్లాసులు, చివర రంగుల సర్టిఫికెట్టు, మర్నాడు రీల్స్‌లో ‘రిలేషన్‌షిప్ కోచ్’, ‘సెక్స్ థెరపిస్ట్’. చిన్నప్పుడు బస్టాండు గోడల మీద ‘ప్రతి నెలా ఫలానా లాడ్జిలో కలవండి’ అని రహస్య వ్యాధుల ప్రకటనలు చూసేవాళ్ళం, గుర్తుందా? గోడ పోయి ఫోన్ వచ్చింది, అంతే తేడా. క్లినికల్ సైకాలజిస్టుగా పని చేయాలంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తించిన కోర్సు చదివి, ఆస్పత్రిలో శిక్షణ పొంది, ఆ కౌన్సిల్‌లో పేరు నమోదు చేయించుకోవాలి. యూజీసీ అయితే 2025 జులై–ఆగస్టు సెషన్ నుంచి సైకాలజీని దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో చెప్పొద్దని యూనివర్సిటీలకే ఆదేశాలిచ్చింది. నిరుడు ఒకమ్మాయి నా దగ్గరికొచ్చి ఏడ్చింది. సర్టిఫికెట్టుకి యాభై వేలు కట్టింది, బోర్డు పెట్టింది. రెండో వారంలోనే చచ్చిపోతానంటూ ఒకతను ఫోన్ చేశాడు. ఏం చేయాలో కోర్సులో చెప్పలేదట. మీ అమ్మాయిని ఆ స్థితిలో పెడతారా, ‘ఇంట్లోనే ఉంటుంది’ అన్న ఒక్క సుఖం కోసం?

అడిగారు కాబట్టి పోలిక. డేటా సైన్సులో ఎమ్మెస్సీ అయ్యాక ఉద్యోగం త్వరగా రావచ్చు. కానీ బోర్డు మీద ఆ పేరున్న ప్రతిచోటా చదువు ఉండదు, విజయవాడలో వీధికొకటి చూస్తున్నాను. సైకాలజీలో పరిశోధన అంటే ఎమ్మెస్సీ రెండేళ్ళు, పీహెచ్‌డీ నాలుగైదేళ్ళు, స్థిరపడేసరికి ముప్ఫై దగ్గరికొస్తుంది. పరిశోధన చేసేవాళ్ళకిచ్చే జేఆర్ఎఫ్ ఫెలోషిప్ వస్తే నెలకు 37,000 రూపాయలు, రాకపోతే ప్రాజెక్టుల్లో ఏడాదికోసారి కాంట్రాక్టు. పర్మినెంటు పోస్టులు తక్కువ. మీరు టెన్షన్ పడదలిస్తే దీని గురించి పడండి, న్యాయంగా ఉంటుంది. మధ్యేమార్గం ఒకటుంది. ఆ కుటుంబ సర్వే నడిపేది ముంబైలోని జనాభా అధ్యయన సంస్థ ఐఐపీఎస్. అక్కడ సర్వే రీసెర్చ్, డేటా అనలిటిక్స్ కలిపి ఎమ్మెస్సీ ఉంది. మీ మాటా, ఆమె మాటా రెండూ దక్కుతాయి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో హెల్త్ సైకాలజీ విభాగం కూడా చూడమనండి. డిగ్రీలో సైకాలజీ లేనివాళ్ళని కొన్నిచోట్ల తీసుకుంటారు, కొన్నిచోట్ల తీసుకోరు. అప్లికేషన్ పెట్టేముందు ఆ ఒక్కటీ సరిచూసుకోవాలి. పరీక్ష సిలబస్ సంగతి నేను రాయక్కర్లేదు, ఆమెకు నాకంటే బాగా తెలిసి ఉంటుంది.

సంబంధాలవాళ్ళకి ‘సైకాలజీలో రీసెర్చ్’ అనండి. అబద్ధం కాదు, అంతకుమించి వాళ్ళకి అక్కర్లేదు. పెళ్ళికొడుక్కి మాత్రం అమ్మాయే వివరంగా చెప్పుకోవాలి. విని ముఖం ముడుచుకునేవాడైతే ఆ సంగతి ముందే తెలియడం మీకే లాభం. మన విజయవాడ నుంచి వచ్చే వారపత్రికలోనే డాక్టర్ సమరం గారు ఏళ్ళ తరబడి ఈ విషయాల మీద జవాబులు రాశారు. దిండు కింద దాచుకుని చదివినవాళ్ళే తప్ప ఆ పేజీ తెలియదన్నవాళ్ళు మన తరంలో ఎంతమంది? మీరూ చదివే ఉంటారు.

సెంట్రల్ యూనివర్సిటీల్లో పీజీ ప్రవేశ పరీక్ష అయిన సీయూఈటీ పీజీ నోటిఫికేషన్ సాధారణంగా ఏడాది చివర్లో వస్తుంది. ఫారం ఆన్‌లైన్‌లో నింపాలి. ల్యాప్‌టాప్ ఈ ఆదివారమే హాస్టల్‌కి తీసుకెళ్ళి ఇచ్చి రండి, ఛార్జరు మరిచిపోకుండా.