జూడోలో ముందు పడటమే ఎందుకు నేర్పుతారు?

నమస్కారమండీ. ఎనిమిదేళ్ల మీ బాబుకు రెండు నెలలుగా జూడోలో కింద పడటం తప్ప ఏమీ నేర్పడం లేదని, మాన్పించాలా అని అడిగారు. దయచేసి మాన్పించకండి. 1882లో జిగొరో కానో టోక్యోలో కొడోకాన్ అనే జూడో శిక్షణాలయం స్థాపించి నేర్పిన ఈ విద్యలో, గడ్డం ఛాతీకి ఆనించి, చేత్తో చాపను చరుస్తూ దెబ్బ తగలకుండా పడే 'ఉకెమి' తొలి పాఠం. అది ఒంటబట్టేదాకా పిల్లవాణ్ణి ఎవరూ ఎత్తి పడవేయకూడదు. పడతాననే భయం పోయిన పిల్లలు ఓటమికీ అంతగా బెదరరు. అంతకన్నా విలువైనదిగా నాకు కనిపించేది మరొకటి ఉంది: నేలపై అదిమి పట్టినప్పుడు ఎదుటి పిల్లవాడు 'ఇక చాలు' అన్నట్టు చేత్తో రెండుసార్లు తట్టగానే పట్టు వదలాలన్న నియమం, అవతలివాడి క్షేమం తన బాధ్యతేనని ఉపదేశం లేకుండానే అలవాటు చేస్తుంది. మీరు మాత్రం ఒక రోజు తరగతిలో కూర్చుని, చాపలు సరిగా ఉన్నాయో లేదో, పిల్లల తల నేలకు తగలకుండా గురువుగారు చూస్తున్నారో లేదో గమనించండి.