పాత రిసార్టు పట్టిన చిన్నోనికి పెద్దమ్మ ఉత్తరం

చిరంజీవి చిన్నోనికి,

పెద్దమ్మ దీవించి రాయునది. ఇక్కడ మేమంత బాగనే ఉన్నం. నా మోకాళ్ల సంగతి నీకు ఎరికే.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి, "అక్కా, చిన్నోడు నాగార్జునసాగర్ల పాత రిసార్టు లీజుకు పట్టిండు, అడ్వాన్సు గూడ కట్టిండు" అన్నది. ముందుగాల నోట మాట రాలే. ఆ ఒడ్డున ఇన్నేండ్లు రిసార్టుల పనిజేసిన పెద్దమ్మ ఉండంగ, ఒక్క మాట అడగకుండ సంతకం పెట్టినవా అని కోపమొచ్చింది. ఫోన్ పెట్టేసినంక మాత్రం మీ పెదనాయనకు "మన చిన్నోడు హోటలు నడుపుతడట" అని రెండుమార్లు చెప్పిన. టీవీల మునిగి ఆయన విన్నడో లేదో గానీ, నాకు చెప్పబుద్ధయింది.

ఫోన్ల చెప్తే "సరే పెద్దమ్మా, సరే పెద్దమ్మా" అని కట్ చేస్తవు. అందుకే రాస్తున్న. కౌంటర్ల కూసున్నోళ్లకు గిరాకీ మొహం కనబడ్తది. వాళ్లు ఖాళీ చేసి పోయినంక గది తలుపు తీసేది హౌస్‌కీపింగోళ్లం. పోయినోళ్లు సంతోషంగ పోయిన్రా, తిట్టుకుంట పోయిన్రా, గదిని చూస్తే తెలుస్తది. తువ్వాల మడత విప్పకుండ ఉన్నదంటే దాని వాసన నచ్చలేదన్నట్టు. మంచం మీద మన దుప్పటి తీసి కుర్చీల పడేసిన్రంటే సొంత దుప్పటి పరుసుకున్నట్టు. వేలకు వేలు కట్టి సొంత దుప్పటి మీద పండుకున్నోడు మళ్ల రాడు. ఇంకొకన్ని రానియ్యడు గూడ.

లైసెన్సులు, ఫైర్ సర్టిఫికెట్, వంటింటికి ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆహార లైసెన్సు, ఇవన్ని నీ ఆడిటర్ చూస్తడు. సాగర్ కాడి బౌద్ధ పార్కు బుద్ధవనం 2022ల తెరిచినంక విదేశాల బౌద్ధులు గూడ వస్తున్నరు గాబట్టి, అసోంటోళ్లు దిగితే 24 గంటలలోపు వాళ్ల వివరాలు సర్కారుకు ఆన్‌లైన్ల పంపాలని కౌంటర్ పిల్లలకు నేర్పు. నీళ్ల నడుమ దీవి మీది నాగార్జునకొండ మ్యూజియం శుక్రవారం బంద్ ఉంటదని గూడ చెప్పమను. లాంచీ కోసం పొద్దుగాల్నే తయారై కూసున్నోళ్లకు ఆ ముచ్చట అప్పుడు తెలిస్తే, కోపం మ్యూజియం మీద చూపియ్యరు, నీ మీదనే చూపిస్తరు.

ఇగ అసలు సంగతి. సున్నం వేయించక ముందు, బోర్డు మార్చక ముందు గీజర్లు చూపియ్యి. నీ లీజు మాట విన్నప్పటిసంది నాకు కలల గూడ గీజర్లే. మేము పనిజేసే కాడ ఒకామె తడిచేత్తో నల్లా పట్టుకొని కేక పెట్టింది. దేవుని దయ, పానానికి ఏం గాలే. ఎలక్ట్రీషియన్ గోడ తవ్వి చూస్తే ఎర్తు వైరు లోపల్నే తెగి ఉన్నది, ఎప్పుడు తెగిందో ఎవ్వలికి ఎరికలేదు. మన దిక్కు బోరు నీళ్లు గట్టి నీళ్లు. కాగినకొద్ది గీజరు కాయిలు మీద తెల్లగ పెచ్చు కడ్తది. ఆ పెచ్చు కింద వేడి బయటికి పోక కాయిలు పగులుతది, కరెంటు నీళ్లల్ల కలుస్తది. ఎర్తింగు బాగుండి, 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే దానంతటదే బంద్ చేసే స్విచ్చు ఉంటే, అది టక్కున పడిపోయి మనిషి బతుకుతడు. అది ఉన్నదంటే సరిపోదు. దాని మీది టెస్ట్ బటన్ నెలకోసారి నువ్వే నొక్కు, పనోనికి చెప్పి ఊకోకు. సాగర్ది రాతి నేల. ఎండకాలం ఎర్తు గుంత ఎండిపోతది, నీళ్లు పోయిస్తుండు. నవ్వుతున్నవా? నవ్వు. కానీ ఇది చేసినంకనే కొబ్బరికాయ కొట్టు.

ఆ గట్టి నీళ్లే షవరు రంధ్రాలు మూస్తయి. నీళ్లు నెత్తి మీద పడకుండ గోడకు కొడ్తయి. వారానికోసారి నిమ్ముప్పు నీళ్లల్ల నానబెట్టిస్తే చాలు. నల్లాల మీద తెల్ల మరకలు గూడ దానితోనే పోతయి. నువ్వు దాన్ని సున్నం అనుకుంటవు, పట్నపోళ్లు దాన్ని మురికి అనుకుంటరు. ఇంకోటి, నల్గొండ అనంగనే వాళ్లకు ఫ్లోరైడు యాదికొస్తది. పటిక, సున్నం వేసి ఫ్లోరైడు తీసే పద్ధతికి నీరి అనే పరిశోధన సంస్థోళ్లు మన జిల్లా పేరే పెట్టిన్రు, గంత పేరుబడ్డం. అందుకని తాగే నీళ్లు ఎక్కడియో, ఎట్ల శుద్ధి చేస్తున్నవో గదిల రాసి పెట్టు. హోటళ్లల్ల నీళ్ల సీసా ఎంఆర్‌పీ కంటే ఎక్కువకు అమ్మొచ్చని 2017ల సుప్రీంకోర్టు చెప్పింది. కోర్టు ఒప్పుకున్నా, పిల్లను సంకనేసుకొని మే నెల ఎండల దిగిన తల్లి ఒప్పుకోదు. గదికి రెండు సీసాలు ఉత్తగనే పెట్టు.

గదిల చెమ్మ వాసన వస్తే సెంటు కొట్టియ్యకు. సెంటు, చెమ్మ కలిస్తే అసలు వాసన కంటే అన్యాలం. ఏసీ నీళ్ల పైపు ఎక్కడ గోడల కారుతుందో వెతికించు. దొరికేదాక ఆ గది ఎవ్వలికి ఇయ్యకు.

ఇప్పుడు చెప్పేది జర నిమ్మలంగ చదువు. నేను పనిజేసిన కాడి యజమాని పేరు రాయను. ఆయన చెడ్డోడు గాదు. జీతం ఆపలే, దసరాకు చీరలు పెట్టేటోడు. చేసిన తప్పు ఒక్కటే. రిసార్టు తెరిచిన ఏడు తీయించిన ఫొటోలే చివరిదాక నడిపిచ్చిండు. ఆ ఫొటోలల్ల ఈతకొలను నీలంగ మెరుస్తుంటది, పక్కన ఎర్ర జారుడుబండ, బాల్కనీ ముందట్నే నిండు సాగరం. ఏండ్లు గడిచినయి. జారుడుబండ విరిగితే పాత సామాన్లోనికి అమ్మిన్రు. కొలను పగిలితే నీళ్లు నింపుడు మానిన్రు, అండ్ల వేపాకులు నిండినయి. బాల్కనీ ముందటి చెట్లు పెరిగి నీళ్లను మూసేసినయి. అయినా ఆ గదులకు 'లేక్ వ్యూ' అని ఎక్కువ రేటే. ఫొటోలకు వయసు రాలే, రేటు మాత్రం ప్రతి ఏడు పెరిగింది.

ఒక వానకాలం సాగర్ డ్యాం గేట్లు ఎత్తిన్రు. 26 గేట్ల నీళ్లు ఒక్కసారి చూడాలని హైదరాబాద్ సంది హిల్‌కాలనీ దాక కార్లే కార్లు. ఆ గుంపుల కరీంనగర్ దిక్కోళ్లు ఒక కుటుంబం దిగిన్రు. మొగడు పెండ్లాలు, ఇద్దరు పిల్లలు, ఒక ముసలామె. చిన్న పోరడు చేతులకు గాలిబుడ్డలు తొడుక్కొనే కారు దిగిండు. తొవ్వ పొడుగునా గట్లనే కూసున్నడట. ఆ పోరడే వాళ్ల నాయన ఫోను పట్టుకొని, అండ్ల ఫొటో చూసుకుంట తోటంత తిరిగిండు. నా దగ్గరికి వచ్చి ఫొటో చూపిచ్చి, "ఆంటీ, ఈ జారుడుబండ ఏడున్నది?" అన్నడు. తుడిచే కర్ర పట్టుకొని ఏం చెప్పాల్నో తెలవక నిలబడ్డ. కొలను మేం నిలబడ్డ కాడికి పది అడుగుల దూరం గూడ లేదు, వాడు దాన్ని చూసిండు గానీ గుర్తుపట్టలే.

వాళ్ల నాయన కౌంటర్ కాడ లొల్లి పెట్టలే. "కొంత తగ్గించున్రి, పిల్లలకు ఆశ పెట్టి తీసుకొచ్చిన" అని మాత్రమే అడిగిండు. మా యజమాని, "కింద చిన్నగ రాసినం గద, ఫొటోలు నమూనాకే అని. మీకు వద్దంటే పోండ్రి, ఈ గదికి పదిమంది నిలబడ్డరు" అన్నడు. ఆ మాట అబద్ధం గాదు చిన్నోడా, గేటు బయట నిజంగనే పదిమంది ఉన్నరు. ఆయన కొంప ముంచింది ఆ నిజమే. గేట్లు ఎత్తిన నాటి గిరాకీని చూసి ఏడాదంత గట్లనే ఉంటదనుకున్నడు.

చీకటి పడ్డది, ముసలామెను పట్టుకొని ఎక్కడికి పోతరు? ఉన్నరు. పొద్దుగాల, రేటులనే కలిసిన టిఫిన్ గూడ తినకుండ పోయిన్రు. నేను తలుపు తీసి చూస్తే మన దుప్పట్లు కుర్చీల ఉన్నయి. వారం తిరగకముందే నెట్ల రెండు ఫొటోలు పక్కపక్కన పెట్టిన్రు, మనదొకటి, వాళ్లు తీసిందొకటి. మాట ఒక్కటి రాయలే. యజమాని అది చూసి పనోళ్ల పిల్లలతోని ఐదు చుక్కల పొగడ్తలు రాయించిండు. అన్ని ఒకే రోజు, అన్ని "చాలా బాగుంది". చదివినోళ్లకు ఉన్న అనుమానం గూడ తీరిపోయింది. మరుసటేడు శ్రీశైలం సంది నీళ్లు సక్కగ రాలే, గేట్లు ఎత్తలే. వరండాల కూసొని మేము కోతులను కొట్టుకుంట కాలం గడిపినం. అప్పుడు ఆయన రేటు తగ్గించిండు, కానీ ఎవ్వలు నమ్మలే.

అందుకే చెప్తున్న. ఫొటోలు ఈ వారమే తియ్యి, ఫోన్‌తోని, పగటి వెలుగుల. నీళ్లు 590 అడుగుల నిండు మట్టం ఉన్నప్పటి ఫొటో ఒకటి పెట్టుకో, తప్పు లేదు, కానీ ఎండకాలం ఒడ్డు బురద తేలిన ఫొటో గూడ పక్కన పెట్టు. నీళ్లు కనబడని గదికి 'లేక్ వ్యూ' రేటు చెప్పకు. పాత కట్టడం, పెద్ద గదులు, ఏసీ పాతది అని రాయి. పాతదని ఎవ్వలు తిట్టరు, కొత్తదాని రేటు గుంజితేనే తిడ్తరు. తప్పుదోవ పట్టించే ప్రకటనకు 2019 వినియోగదారుల చట్టం కింద 10 లక్షల దాక జరిమానా ఉన్నది. అది నీ లీజు అడ్వాన్సు కంటే ఎంత ఎక్కువో మీ అమ్మకు చెప్పకుండ నువ్వే లెక్కేసుకో.

గేట్లు ఎత్తినప్పుడు గదికి 8,000 పెడ్తవట గద, మీ అమ్మ అన్నది. 7,500 దాక గదికి జీఎస్టీ 5 శాతం, 2025 సెప్టెంబర్ సంది. అది దాటితే 18. నీ 8,000 గది గిరాకీ చేతికి 9,440 అయితది. అంత కట్టినోడు గోడల పగుళ్లు గూడ లెక్కబెడ్తడు. ఇంక మీద సర్వీస్ చార్జ్ అని బిల్లుల వెయ్యకు. అది అడిగి తీసుకునేది గాదని 2022లనే కేంద్రం చెప్పింది, 2025ల ఢిల్లీ హైకోర్టు గూడ గదే అన్నది. ఎవ్వలన్న కోపం చేస్తే నువ్వు కోపం చెయ్యకు. మీ నాయన ముక్కు మీది కోపం నీకే వచ్చింది, నాకెరిక. పిల్లల ముందట తండ్రిని చిన్నబుచ్చకు, ఎంత తప్పు ఆయనదైనా.

పొద్దున టిఫిన్ల ఇరవై రకాలు వద్దు, చల్లబడ్డ ఇరవై గిన్నెల మూతలు తీసి చూసుడు ఎవ్వలికి ఇష్టముంటది? వేడి పూరీ, ఇడ్లీ, ఒక పచ్చడి. రాత్రికి జొన్నరొట్టె, సాగర్ చేపల పులుసు. పాత పనోళ్లను తియ్యకు. ఏ గదిల ఏ కిటికీ పడ్తలేదో వాళ్లకే ఎరిక. ఉతికే ఆమెకు మోటరు నీళ్లు దగ్గర పెట్టియ్యి, బిందెలు మోసి మోసి ఆమె నడుము పోతది. ఆ పని నేను చేసినదాన్నే.

నువ్వు చిన్నప్పుడు దసరా సెలవులల్ల నా దగ్గరికి వస్తే, ఉతికిన దుప్పట్ల కుప్ప మీద దునికి, "పెద్దమ్మా, ఈ హోటలు మనదేనా?" అన్నవు. మాది గాదు బిడ్డా అని నిన్ను కిందికి దించిన, దుప్పట్లు మళ్ల ఉతుకాల్సి వస్తదని. ఇప్పుడు నీ పేరు మీద లీజు కాయితం ఉన్నది. పైసలు తక్కువ పడితే అడుగు, మీ పెదనాయన పింఛను నా చేతిలనే ఉంటది.

బేస్తవారం వస్త. నల్గొండల బస్సు దిగి ఫోన్ చేస్త. అన్నిట్ల కంటే పాడైన గది ఏదో అది నాకు ఇయ్యి, కానీ కింది అంతస్తుల ఉండాలె. నేను నీ పెద్దమ్మనని పనోళ్లకు చెప్పకు. బిల్లు నేనే కడ్త, జీఎస్టీతోని రశీదు రాయించు.

మీ పెద్దమ్మ