మారుమనస్సులో ఉన్నది ఏ ‘మారు’?

సందేహం: ఇంట్లో గొడవపడ్డాక "పశ్చాత్తాపపడ్డాను" అంటే చాలదా? మా క్రైస్తవ సంఘంలో "మారుమనస్సు" అంటారు. రెండూ ఒకటేనా? మారుమనస్సంటే మారిన మనస్సా, మరో మనస్సా? – ఒక పాఠకురాలు

సమాధానం: ఒకటి కావమ్మా. పశ్చాత్ అంటే వెనుక, తాపం అంటే మంట. చేసిన పని తలచుకొని తర్వాత లోపల రగిలేది పశ్చాత్తాపం. యేసును అప్పగించి, ముప్పై వెండి నాణేలు తిరిగి తెచ్చిన యూదాను గురించి తెలుగు బైబిలు "పశ్చాత్తాపపడి" అంటుంది (మత్తయి 27:3), మారుమనస్సు పొందాడని అనదు. మూలమైన గ్రీకులోనూ అక్కడున్న క్రియ మెటామెలోమై. మారుమనస్సుకు మూలమైన మెటనోయియా వేరు. అనువాదకులు పాటించిన తేడాను మనమే చెరిపేస్తున్నాం.

ఇక ‘మారు’. పాత రాతలో ఇది బండి ఱ ఉన్న "మాఱు". మారడమనే క్రియా ఇదే, బదులు, మరొకటి అనే అర్థమిచ్చే నామమూ ఇదే. మారుపేరంటే అసలు పేరుకు బదులుగా పెట్టుకున్నది. మారుతల్లి తల్లి స్థానంలోకి వచ్చినామె. మారుమాట ఎదుటి మాటకు జవాబు. కొన్న సరుకును మళ్లీ అమ్మితే మారుబేరం. ఈ మాటే తమిళంలో మారడం. కన్నడంలో అమ్మడం, అంటే ఒకటిచ్చి బదులు పుచ్చుకోవడం. ఇన్ని చూశాక, పాత మనస్సు ఖాళీ చేసిన చోటికి వచ్చిన మరో మనస్సు అనే అర్థమే నాకు ఇష్టం. మారుమనస్సుకు మలయాళులు వాడే "మానసాంతరం" కూడా నా పక్షమే. దేశాంతరంలోలాగే అక్కడా అంతరమంటే మరొకటి. అయినా "మారిన మనస్సు" అనేవారిని తప్పుపట్టలేను, ధాతువు ఒకటే కదా.

మారుకు ‘సారి’ అనే అర్థమూ ఉంది. సహోదరుడు రోజుకు ఏడుమారులు తప్పుచేసి, ఏడుమారులూ నీవైపు తిరిగి "మారుమనస్సు పొందితిని" అంటే క్షమించాలని లూకా 17:4. ఒక్క వాక్యంలో రెండు మారులూ ఎలా కలిశాయో చూడండి! అందుకే "ఫలానా ఏడాది మారుమనస్సు తీసుకున్నాను" అనే నేటి వాడుక నాకు మింగుడుపడదు. తీసుకునేది బాప్తిస్మం. మారుమనస్సు పొందేది, అదీ ఇంట్లోనైతే రోజుకు పలుమార్లు.

మీ ఇంటి గొడవ సంగతికి వస్తే, "నీకు బాధ కలిగి ఉంటే సారీ" అనకండి. ఆ "ఉంటే" అనే చేదర్థకమే, అంటే షరతు చెప్పే క్రియారూపమే, మాటను చెడగొడుతుంది. మీరు చేసిన పని వాక్యంలోంచి తప్పుకొని, అవతలివారి బాధ షరతుగా మిగులుతుంది. కర్త "నేను" కావాలి, పని వాక్యాన్ని ముగించే సమాపక క్రియలో రావాలి: "పిల్లల ముందు నిన్ను కసిరాను. తప్పు నాది. క్షమించు." అక్కడితో ఆపండి. వెంటనే "కానీ నువ్వు కూడా..." అన్నారంటే పాత మనస్సు తిరిగొచ్చినట్టే. నష్టం డబ్బుదైతే మాటతో తీరదు. ముందు ఒప్పుకొని, అసలుకు ఐదోవంతు కలిపి ఇమ్మంటుంది సంఖ్యాకాండము (5:7). యేసును కలిశాక మారిన సుంకరి జక్కయ్య, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలిస్తానన్నాడు, గొర్రెను దొంగిలించి అమ్మినవాడికి నిర్గమకాండము 22:1 విధించిన లెక్క అది.

"క్షమాపణ" సంగతి ఒక్క మాట. "క్షమాపణ చెప్పు"లో అది అడగడం, "పాపక్షమాపణ"లో ఇవ్వడం. రెండూ స్థిరపడ్డాయి, కదిలించలేం. ఇంట్లో "క్షమించు", "క్షమించాను" అనుకుంటే ఈ పేచీయే రాదు.